చదివి వినిపించని కాగితం

ఇటు జరుగు సరళా, ఇంకొంచెం దగ్గరికి. ఆ ఫోను బోర్లించి పక్కన పెట్టు. నా గొంతు ఇప్పుడు గడప దాటి పోదు, పోవలసిన మాట కూడా కాదు ఇది. మీ అక్క భాను పట్నంలో పీహెచ్‌డీ సీటు కోసం ఇంటర్వ్యూకు వెళ్ళిన రోజు నేనూ వెంట వెళ్ళాను కదా, ఆ తలుపు బయట గంటసేపు కూర్చున్నాను కదా, ఆ గంటలో ఏం చేశావని మీ నాన్న అడిగితే కూర్చున్నానని చెప్పాను, తండావాళ్ళు అడిగితే టీ తాగానని చెప్పాను. భాను అసలు అడగనే లేదు. రెండూ అబద్ధం కాదు. మూడోది ఒకటుంది. అది నీకు చెబుతాను. ముక్కు మీ తాతది వచ్చినా జ్ఞాపకం మాత్రం నీకు నాది వచ్చింది.

ఇదిగో కళ్ళు మూసుకుంటున్నాను. ఆ బల్ల మళ్ళీ నా కిందికి వచ్చింది. నున్నని చెక్క బల్ల, చల్లగా ఉంది. ఎదురుగా మూసిన తలుపు, తలుపు మీద అంటించిన కాగితం, దాని మీద పన్నెండు పేర్లట, భానుది ఏడోది, సీట్లు అయిదేనట. తలుపు వెనక నలుగురు కూర్చున్నారు. ఆ నలుగురిలో నడిమి కుర్చీ జయప్రకాశ్‌ది. మన ఊరి వెంకటనారాయణ కొడుకు జయప్రకాశ్, ఒకప్పుడు మేమంతా చినబాబూ అని పిలిచినవాడు, ఇప్పుడు ఆ చోట అందరికీ సారు. పొద్దున ఆ పేరు వినగానే భాను ముఖం పాలు విరిగినట్టు విరిగింది. నన్ను పక్కకు తీసుకెళ్ళి రెండు చేతులూ పట్టుకుంది. "యాడీ, నీకు దండం బెడత, ఇయ్యాల నోరు తెరవకు. మనూరు ఏదో ఆయనకు చెప్పను, నువ్వు ఎవరో చెప్పను. ముందుగాల సీటు రానియ్యి, రాసేది తర్వాత రాస్త" అంది. దాన్ని చిన్నప్పటినుంచి పెంచింది నేను, అందుకే నాయనమ్మనైనా నన్ను యాడీ అంటుంది, అమ్మ అన్నట్టు. సరే బిడ్డా అన్నాను. అనేటప్పుడు నిజంగానే అన్నాను. ఆ తర్వాత అది పైట సర్దుకొని లోపలికి వెళ్ళింది, తలుపు మూసుకుంది, నా ఒళ్ళో దాని సంచి మిగిలింది. సంచిలో నీళ్ళ సీసా, నేను కట్టిన జొన్నరొట్టెలు, ఒక ప్లాస్టిక్ కవరు నిండా కాగితాల రెండో కాపీలు. వేలితో తడుముతున్నాను. ఏ కాగితంలో ఏముందో నాకు తెలియదు, ఒక్కదాన్ని మాత్రం చీకట్లో అయినా పోల్చుకుంటాను. దాని అడుగున గుండ్రని ముద్ర ఉంటుంది, ముద్ర పక్కన వంకర తోకతో నా సంతకం ఉంటుంది.

కిటికీ అవతల ఒక జామాయిల్ చెట్టు ఉంది. ఎండ ఎక్కుతుంటే ఆకు వాసన లోపలికి వస్తోంది. పట్నంవాళ్ళకు అది జలుబు మందు వాసనట, పీల్చుకుంటారట. నాకు ఆ వాసన వస్తే నోట్లో నీళ్ళు ఎండిపోతాయి. ఇంత దూరం బస్సులో వస్తే ఇక్కడ కూడా నువ్వేనా అని దాన్ని చూస్తున్నాను. బల్ల ఆ కొసన ఒక పిల్ల కాలు ఊపుతూ కూర్చుంది, తనది ఎనిమిదో పేరట, మనోజ్ఞ అట, మధిర దగ్గరి పిల్ల. భయం పోగొట్టుకోవడానికి నాతో మాట కలిపింది. "అవ్వా, నువ్వు గూడ ఇంటర్వ్యూకే వచ్చినవా?" అంది నవ్వుతూ. "నాది ఎన్నడో అయిపోయింది బిడ్డా. అండ్ల ఫస్టు నేనే. అందుకే గిట్ల అయిన" అన్నాను. ఆ పిల్ల హాస్యమనుకుంది. హాస్యం కాదు సరళా. మీ అక్క కంటే ముందు మన ఇంట్లో ఇంటర్వ్యూ ఇచ్చింది నేనే.

ఆ ఏడు మన ఊరి సర్పంచ్ సీటు మనవాళ్ళ ఆడమనిషికి రిజర్వు అయిందన్నారు. అప్పుడు మన తండాకు వేరే పంచాయతీ లేదు, ఊరి పంచాయతీలోనే ఉండేది. ఊరంటే వెంకటనారాయణ. కోస్తా నుంచి వాళ్ళ తాత వచ్చి అడవి అంచున పొలాలు కొన్నాడు, మూడో తరానికి ఊరి మంచీ చెడ్డా వాళ్ళ అరుగు మీదే తేలేది. ఒక పొద్దున తెల్ల లుంగీ పైకి పట్టుకొని తండాకు వచ్చాడు, వేపచెట్టు కింద మంచం వేయించుకొని ముగ్గురు ఆడవాళ్ళను పిలిపించాడు. మొదటిదాన్ని అడిగాడు చదువొచ్చా అని. అయిదో తరగతి అంది పాపం గొప్పగా, మా పెదనాన్న కూతురే అది. సరే నువ్వెళ్ళమ్మా అన్నాడు. రెండోదాన్ని అడిగాడు, చదువు రాదంది, కానీ చదువు రాకపోతే నన్నెందుకు పిలిచావని ఎదురు అడిగింది. దాన్నీ పొమ్మన్నాడు. మూడోదాన్ని నేను. చదువు రాదన్నాను, తల వంచుకొని నేల చూస్తూ అన్నాను, పెద్దవాళ్ళ ముందు అలా నిలబడటం మర్యాద అనుకున్నాను. "ఇదిగో, ఈమె చాలు మనకి" అన్నాడు. పాసయ్యాను. భాను చదివే చదువు మనుషులను మనుషులు ఎలా ఏలుతారో చెప్పే చదువట. ఎన్ని పుస్తకాలు చదవాలో దానికి. నాకు ఆ మంచం దగ్గర మూడు ప్రశ్నల్లో అంతా చెప్పేశారు, నేనే వినలేదు.

తలుపు వెనక ఏదో మాట వినపడింది, భాను గొంతు కాదు. అది ఏం చెబుతూ ఉంటుందో. నేను గెలిచిన తర్వాత పంచాయతీ గదిలో ఒక కుర్చీ ఉండేది, అది నాదే అనేవారు. నేను గడప పక్కన గచ్చు మీద కూర్చునేదాన్ని, కుర్చీలో వెంకటనారాయణ కూర్చునేవాడు, ఎవరైనా ఆఫీసరు వస్తే మాత్రం లేచి, రా సర్పంచమ్మా రా అనేవాడు. ఆఫీసరు నవ్వేవాడు, నేనూ నవ్వేదాన్ని. పంచాయతీ స్టాంపు ఆయన బీరువాలో ఉండేది. సంతకం మాత్రం నేనే పెట్టాలి కదా, వేలిముద్ర అయితే నామోషీ అని కొడుకుతో నేర్పించాడు. ఆ కొడుకే ఈ జయప్రకాశ్. అప్పుడు ఇదే పట్నంలో ఇదే చదువు చదువుతూ సెలవులకు వచ్చేవాడు. పలక మీద నా పేరు రాసి, దాని మీదే దిద్దమనేవాడు. ఓపిక ఉండేది చెప్పొద్దూ. పున్నమ్మగారు, అంటే వాళ్ళమ్మ, లోపలి నుంచి మజ్జిగ పంపేది. నెల రోజులు దిద్దాను. నా పేరు ఒక్కటే నేర్పాడు. మిగతా అక్షరాలు కూడా నేర్పు చినబాబూ అంటే, ముందు ఇది కుదరనియ్యి హేమ్లీ, తొందరేముంది అన్నాడు. నా పేరు కుదిరింది. ఆ తర్వాత పలక కనపడలేదు. ఆ పలక ఎక్కడ పెట్టావు చినబాబూ అని అడగాలని ఎన్నేళ్ళుగా నాలుక మీద ఉందో, ఇదిగో ఈ తలుపు ఇప్పుడు తెరుచుకుంటే అడగొచ్చు, కానీ నోరు తెరవనని భానుకు మాటిచ్చాను.

మనోజ్ఞ ఏదో పుస్తకం తిరగేస్తోంది. అటెండర్ జంపయ్య అట, మన కొత్తగూడెం వైపు మనిషే, నా మాట తీరు విని ఒక టీ తెచ్చి ఇచ్చాడు. టీ వేడిగా ఉంది. ఆ రోజు కూడా ఎండ ఇలాగే ఉంది. మిరపకాయ ఏరే రోజులు. తండాకు తండా తాళాలు వేసి కాయ కోతకు వెళ్ళింది, నేను, మీ తాత రెడ్యా, మీ నాన్న, అందరం. పక్క మండలంలో చేలల్లో ఉన్నాం, చేతులు మండుతున్నాయి. చినబాబు మోటారు సైకిల్ మీద చేలోకి వచ్చాడు, ఒక కాగితం తెచ్చాడు, పెట్రోలు ట్యాంకు మీద పరిచి పెన్ను ఇచ్చాడు. ఏంది చినబాబూ ఇది అన్నాను. బోరింగు గురించిలే, నాన్నగారు పంపారు, పొద్దుపోతే ఆఫీసు మూస్తారు అన్నాడు. మిరప చేతులు చీరకు తుడుచుకొని సంతకం పెట్టాను. బాగా వచ్చింది ఆ రోజు, తోక తిన్నగా సాగింది. చూసి మెచ్చుకున్నాడు కూడా. నెల తిరిగేసరికి గుట్ట కింద మన నలభై ఎకరాల్లోకి జేసీబీలు వచ్చాయి. మీ ముత్తాత రూప్లా మోడు పెకలించి చేసిన పోడు, మన తండాలో సగం మంది తిండి. అక్కడ తండావాళ్ళ సాగు ఎప్పుడూ లేదని గ్రామసభ తీర్మానం చేసిందట, జామాయిల్ వేసుకోవచ్చని ఒప్పుకుందట, సర్పంచే సంతకం పెట్టిందట. అందరూ నా వైపు చూశారు. మీ తాత ఒక్కమాట అడిగాడు. "ఇది నీ చేతిదేనా?" నాదేనన్నాను. అంతే. ఆ మనిషి ఆ తర్వాత తొమ్మిదేళ్ళు బతికాడు. నేను వండింది తిన్నాడు, నేను పరిచిన చోట పడుకున్నాడు, పలకరించలేదు. పోయేముందు కూడా మీ నాన్న పేరు పిలిచాడు, భాను పేరు పిలిచాడు, నా మీద నుంచి చూపు దాటించాడు. ఆయన్ను నేను తప్పుపట్టను. నేను తప్పుపట్టేవాళ్ళ లెక్క చిన్నది, ఇద్దరే. అందులో ఒకడు పోయాడు. వెంకటనారాయణ శవం ఊరేగినప్పుడు ఊరంతా వెళ్ళింది, నేను ఇంట్లో కూర్చొని కంది పప్పు బాగు చేసుకున్నాను, ఒక్క రాయి కూడా తప్పిపోనివ్వలేదు.

పగ అంటే నిప్పు అంటారు గాని సరళా, నిప్పు అయితే ఆరిపోయేది. ఆ జామాయిల్‌ను నాలుగేళ్ళకోసారి మొదలంటా కోస్తారు, మీ నాన్నే లారీలో వేసుకొని సారపాక కాగితం మిల్లుకు తోలతాడు, మన చేలోది నా కొడుకే. కోసిన నెలకు ఆ మోడు పక్కనుంచి రెండు చిగుళ్ళు లేస్తాయి. మళ్ళీ చెట్టు. మళ్ళీ కోత. వేరు మాత్రం ఎవరూ తీయరు. మీ నాన్న లారీ హారన్ విన్న ప్రతిసారీ నాలో కూడా అలాగే లేచేది, ఒకటి కోస్తే రెండు.

అలా లేచి లేచి, ఒకసారి మాత్రం ఆకాశానికి తగిలింది. భాను ఎమ్మే చదువుతూ సెలవులకు వచ్చి, ఒక ఇంగ్లీషు పుస్తకం నా ముందు పెట్టింది. అట్ట మీద నేను. అవును, నేనే. అద్దాల లంగా, చేతుల నిండా గాజులు, కుర్చీ వీపు మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాను. ఆ ఫోటో తీసిన రోజు మామూలు చీరలో ఉన్నాను. మీ వేషం వేసుకొని రా హేమ్లీ, బాగుంటుంది అని ఇంటికి పంపించి మార్పించాడు చినబాబు. ఆ పుస్తకంతోనే అతనికి పెద్ద చదువు పూర్తయిందట, ఉద్యోగం వచ్చిందట, దాన్ని పిల్లలకు పాఠం చెబుతారట. భాను ఒక్కో ముక్కా మన మాటలోకి తిప్పి చెప్పింది. చదువు రాకపోయినా ఊరిని ఏలిన అడవి బిడ్డనట. సొంత తెలివితో నిర్ణయాలు తీసుకునేదాన్నట. ఒక చోట దాని గొంతు ఆగింది. ఏంది బిడ్డా అన్నాను. "ఈమె ఏ కాగితాన్నయినా పూర్తిగా చదివించుకొని విన్న తర్వాతే సంతకం పెట్టేది" అని ఉంది అంది. నేను నవ్వాను. నవ్వు ఆగలేదు. కోళ్ళు బెదిరి పరుగెత్తాయి. ఆ రోజే భాను ఈ పీహెచ్‌డీ చేస్తానంది, రిజర్వు సీట్లలో గెలిచిన ఆడవాళ్ళ సంతకాలు ఎవరి అవసరానికి పడ్డాయో రాస్తానంది. సమాచార హక్కు కింద అర్జీ పెట్టి ఆ తీర్మానం కాపీ తెప్పించింది. నాకు చదివి వినిపించబోయింది. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో అప్పుడు నాకే తెలియదు. ఎవరు చదవాలో వాళ్ళే చదవాలని లోపల ఏదో అనుకుని ఉంటుంది.

తలుపు తెరుచుకుంది.

జయప్రకాశ్ బయటికి వచ్చాడు, చెవి దగ్గర ఫోను. భాను లోపలికి వెళ్ళి ఎంతసేపో కాలేదు. జుట్టు పలచబడింది, పొట్ట వచ్చింది, కానీ వాళ్ళ నాన్న నడకే, మడమ ముందు పడుతుంది. మనోజ్ఞ గబుక్కున లేచి నిలబడింది. అతను ఫోను ముగించి జేబులో పెట్టుకొని ఇటు తిరిగాడు, నన్ను చూశాడు, చూసి చిరునవ్వు నవ్వాడు. గుర్తుపట్టలేదు. నా ముఖం తన పుస్తకం అట్ట మీద పెట్టుకున్న మనిషి నన్ను గుర్తుపట్టలేదు, ఎందుకంటే నేను నూలు చీరలో ఉన్నాను, అద్దాలు లేవు. "ఎవరికోసమమ్మా? మీ అమ్మాయి లోపల ఉందా?" అని మెల్లగా అడిగాడు. ఆ మెత్తదనం అలాగే ఉంది, పలక నాటిది. ఆ క్షణంలో నా గుండెలో ఎన్ని లేచాయో. అరవాలా, ముఖాన ఉమ్మాలా, పెళ్ళికూతురు పుట్టింటి గడప పట్టుకొని ఏడ్చినట్టు రాగం తీసి ఒక్కొక్క పాపం పేరు పెట్టి ఏడవాలా. భానుకు మాటిచ్చాను. నా వేళ్ళు వాటంతటవే కవరులోకి వెళ్ళాయి. మన దగ్గర అలవాటు నీకు తెలుసు కదా, ఇంటికి ఏ కాగితం వచ్చినా చదువుకున్న మనిషి ఎవరు దారిన పోతే వాళ్ళ చేతికిస్తాం, బస్సు కండక్టరు కానీ, సూదిమందు నర్సు కానీ. చదివి పెట్టమని చాపితే కాదన్న మనిషిని నా బతుకులో చూడలేదు. చదువుకున్నవాడి చెయ్యి ఆలోచించకుండానే ముందుకొస్తుంది.

"సారూ, సదువురాని ముసల్దాన్ని. గీ కాగితంల ఏమున్నదో జర సదివి చెప్పరాదు" అన్నాను.

చెయ్యి ముందుకొచ్చింది. కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. మనోజ్ఞ వైపు ఒకసారి చూశాడు, పిల్లల ముందు మంచి పని చేసేటప్పుడు చూసే చూపు. పాఠం చెప్పే గొంతుతో పైనుంచి మొదలుపెట్టాడు. గ్రామసభ తీర్మానం, ఫలానా తేదీ, ఫలానా చోటు, సర్పంచ్ శ్రీమతి హేమ్లి అధ్యక్షతన జరిగిన సభకు హాజరైనవారు నూట పన్నెండు మంది, ఒకటి రూప్లా నాయక్, రెండు. అక్కడ గొంతు కొంచెం తగ్గింది.

"సచ్చినోడు గూడ వచ్చిండా సారూ? రూప్లా మా మామ. అప్పటికే మూడేండ్లాయె పోయి" అన్నాను.

మనోజ్ఞకు నవ్వొచ్చింది, వెంటనే ఆపుకుంది. అతను కాగితం దించి నా ముఖంలోకి చూశాడు. ఇప్పుడు చూశాడు. నూలు చీర తీసేసి అద్దాలు తొడిగాడు, తెల్లజుట్టు తీసేసి నల్లది పెట్టాడు, నాకు కనపడుతూనే ఉంది అతని కళ్ళలో. ఇది మీకు ఎక్కడిదని అడిగాడు.

"నడిమిట్ల ఆపితే నాకు సమజ్ కాదు. మొత్తం సదువు."

కాగితం నా వైపు చాపాడు, నేను తీసుకోలేదు. రెండు చేతులూ సంచి కింద పెట్టుకున్నాను. జంపయ్య గ్లాసు కోసం వచ్చి అక్కడే నిలబడ్డాడు. అవతలి గది తలుపు దగ్గర ఇద్దరు పిల్లలు తలలు తిప్పారు. ఆగితే ఎందుకు ఆగాడో చెప్పాలి, చదివితే చదవాలి. చదివాడు. గుట్ట కింద నలభై ఎకరాల్లో తండావాసులకు ఏ కాలంలోనూ సాగు లేదని, అక్కడ జామాయిల్ వేసుకోవడానికి సభకు అభ్యంతరం లేదని. నేను వింటున్నాను. ఎన్నేళ్ళ తర్వాత, మిరపచేలో నిలబడి వినవలసిన మాటలు, చల్లని బల్ల మీద కూర్చొని వింటున్నాను. చివరికి వచ్చాడు. పై తీర్మానాన్ని సర్పంచ్‌కు పూర్తిగా చదివి వినిపించి, ఆమె అంగీకారంతో సంతకం తీసుకోవడమైనది, చదివి వినిపించినవారు. ఆగిపోయాడు.

"ఎవలు సారూ?" అన్నాను.

మనోజ్ఞ పాపం, సారుకు అక్షరం ఆనలేదేమో అనుకొని, మెడ చాచి చూసి చెప్పింది. "జయప్రకాశ్ అని ఉంది అవ్వా." చెప్పిన తర్వాత నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

అతను నా పక్కన బల్ల మీద కూర్చున్నాడు, కూలబడ్డాడనాలి. నాన్నగారు రాయమన్నారు హేమ్లీ, అందులో ఏముందో అప్పుడు నేను కూడా సరిగా, అంటూ గొణిగాడు. "మీ నాయన్ను అడిగేది అడుగుత. ఎట్లయిన నేను గూడ అక్కడికి పోయేదే" అన్నాను. "నీ పుస్తకంల ఏమని రాసినవ్ చినబాబూ, హేమ్లి సదివించుకున్నంకనే సంతకం బెడతదని కదా. జర ఆలస్యమైంది గాని, ఇయ్యాల అది నిజం చేసినవ్." తల దించుకున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు, లోపల ఉన్న భాను నీకేమవుతుందని. మనవరాలన్నాను. ఆ ముఖంలో ఒక దారి కనపడినట్టు వెలుగు వచ్చింది. నా చేతి మీద చెయ్యి వేయబోయి ఆగి, మెత్తగా అన్నాడు. "అమ్మాయి సంగతి నువ్వేం దిగులుపడకు. నేను చూసుకుంటాగా."

సరళా, ఆ మాట వాళ్ళ నాన్నది. కాగితం ముందు పెట్టి పెన్ను ఇచ్చిన ప్రతిసారీ ఆ మాటే. సంతకం పెట్టవే, నేను చూసుకుంటాగా. ఇప్పుడు విను, ఇది నేను ఎవరికీ చెప్పని మాట. అక్కడ నేను తల ఊపితే చాలు, సీటు భాను ఒళ్ళో పడేది. పన్నెండు మందిలో అయిదుగురికి. నడిమి కుర్చీ మనిషి మాటిస్తున్నాడు. దాని ఇరవై ఏళ్ళ చదువు, మీ నాన్న లారీ మీద గడిపిన బతుకు, అన్నీ నా మెడ మీద ఉన్నాయి, ఆ మెడ ఒక్కసారి వంచితే చాలు. ఒకసారి మంచం ముందు వంచాను.

"వద్దు" అన్నాను. "లోపలున్న పిల్లకు నువ్వు మార్కులెయ్యకు. ఎక్కువ వద్దు, తక్కువ వద్దు. సీటొస్తే నువ్వు ఇచ్చినవ్ అనొద్దు, రాకుంటే నువ్వు తీసినవ్ అనొద్దు. నీ సంతకం ఇంక మా కాగితం మీద పడొద్దు. గంతే."

నా వైపు చూశాడు, మనోజ్ఞ వైపు చూశాడు. లేచాడు. కాగితాన్ని నాలుగు మడతలు వేసి నా ఒళ్ళో పెట్టాడు. లోపలికి వెళ్ళాడు, నా టీ గ్లాసు ఖాళీ చేసేలోపే మళ్ళీ బయటికి వచ్చాడు, ఈసారి ఎవరి వైపూ చూడకుండా మెట్లు దిగిపోయాడు. మడమ ముందు పడలేదు. నాకు సంతోషం వేసింది. వేసిందని చెప్పడానికి సిగ్గుపడను. జామాయిల్ వాసన అలాగే ఉంది, మీ తాత అలాగే మాట్లాడకుండా ఉన్నాడు, నలభై ఎకరాల్లో ఒక్క కుంట నేల కూడా వెనక్కి రాలేదు, అయినా నా ఒళ్ళంతా వాన పడ్డ చేనులా ఉంది. అంతలోనే భయం. ఏం చేశావే హేమ్లీ, పిల్ల సీటు తెచ్చి నీ పగకు మేత వేశావా. సంచిలో రొట్టె తీసి కొరికాను, మిగతాది మళ్ళీ సంచిలోనే పెట్టేశాను.

భాను బయటికి వచ్చింది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. "యాడీ, నేను టాపిక్ చెప్పంగనే ఆయన ఫోన్ పట్టుకొని బయటికి పోయిండు. మళ్ళొచ్చి, ఈ అభ్యర్థి విషయంల నేను ఉండనని మిగిలినోళ్ళకు చెప్పి పోయిండు. నా టాపిక్‌కే దడుచుకున్నడు" అంది. కళ్ళు మెరుస్తున్నాయి. అంత మెరుపును నేనెలా ఆర్పుతాను. "అవ్ బిడ్డా, నీ టాపిక్కే" అన్నాను. మనోజ్ఞ మా ఇద్దరినీ చూసింది, ఏమీ అనలేదు, మంచి పిల్ల. జంపయ్య ఖాళీ గ్లాసు తీసుకొని నాకు నమస్కారం పెట్టి వెళ్ళాడు.

పది రోజులు నాకు అన్నం సహించలేదు, ఎండ దెబ్బ అన్నారు మీరంతా. ఆ తర్వాత లిస్టు ఫోనులో వచ్చింది. అయిదు పేర్లు, భానుది అయిదోది. అంచు మీద నిలబడింది, ఇంకో గాలి వీస్తే పడిపోయేదే. మీరందరూ ఎగిరారు. నేను మాత్రం మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివి వినిపించమని భానుతో అన్నాను. పేర్లు అయిపోయాయి కదా యాడీ అంది. అడుగున ఏముందో కూడా చదువు అన్నాను. సంతకాలున్నాయంది. ఎన్ని ఉన్నాయంటే మూడు అంది. నాలుగో చోట జయప్రకాశ్ పేరు అచ్చు వేసి ఉందట, పైన ఖాళీగా ఉందట. ఆ ఖాళీ ఎక్కడో చూపించమని దాని మీద వేలు పెట్టాను. అప్పుడు మీ తాత ఫోటో కింద దీపం పెట్టాను కదా, సీటు వచ్చినందుకని అనుకున్నారు మీరు. ఆ ఖాళీకి పెట్టాను.

ఇదీ సంగతి. నేను ఉన్నన్నాళ్ళూ భానుకు చెప్పకు, ఆ మెరుపు దానిదే అనుకోనీ, చాలావరకు దానిదే. నేను పోయిన తర్వాత చెప్పు. దానికి చెప్పు, దాని పిల్లలకు చెప్పు, నీ పిల్లలకు చెప్పు. పేర్లు మింగకుండా చెప్పు, చినబాబు పేరు, వాళ్ళ నాన్న పేరు, మిరపచేను, పెట్రోలు ట్యాంకు, అన్నీ. నన్ను మంచిదాన్ని చేసి మాత్రం చెప్పకు, ఒకసారి ఒకడు పుస్తకంలో చేశాడు, చాలు. హేమ్లి పగబట్టిందని చెప్పు. ఏదీ, ఇప్పుడు నువ్వు మొదటి నుంచి ఒకసారి చెప్పు, నేను వింటాను.